మైనస్ గుర్తును కాపాడుకోండి

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఓ పరిశోధక విద్యార్థిని లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. డిగ్రీలో నా దగ్గర స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల. వరండాలో కూర్చుంది, ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. "మేడమ్, చదువు పక్కన మైనస్ వచ్చిందండీ" అంది. చూశాను. ఒక వరసలో దేశాల పేర్లు, పక్కన తలసరి ఆదాయం పెరిగిన రేటు, ఆ పక్కన జనం బడిలో గడిపిన సగటు ఏళ్ళు ఎంత పెరిగాయో ఆ అంకె. చదువు పెరిగిన చోట ఆదాయమూ పెరగాలి. ఆమె లెక్కలో మాత్రం చదువు ఎక్కువ పెరిగిన చోట ఆదాయం తక్కువ పెరిగినట్టు తేలింది. "మా గైడు నాలుగైదు దేశాలు తీసేసి చూడమన్నారు మేడమ్, అప్పటికీ రాకపోతే చలరాశి మార్చేయమన్నారు."

"ఏదీ మార్చకు" అన్నాను. ఆ సాయంత్రం ఆమెకి చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మానవ మూలధనం ఆర్థిక వృద్ధికి ఎంత తోడ్పడిందో కొలవాలని కూర్చునే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇవి. పాఠ్యపుస్తకాలు చెప్పేదానికి అడ్డంగా ఉంటాయి. మీ గైడు వినగానే వద్దంటారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి, తప్పులు చేసి, సరిదిద్దుకుని నమ్మిన మాటలివి.

1. లెక్క తేలకపోతే సంతోషించండి

అసలీ శాస్త్రం పుట్టిందే లెక్క తేలకపోవడం వల్ల. 1957లో రాబర్ట్ సోలో అమెరికా లెక్కలు తీశాడు. 1909 నుంచి 1949 దాకా నలభై ఏళ్ళలో అక్కడ ఒక మనిషి గంటసేపు పనిచేస్తే వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. యంత్రాలు, భవనాలు పెరగడం వల్ల అందులో ఎంత వచ్చిందని చూస్తే ఎనిమిదో వంతు మాత్రమే తేలింది. మిగతా 87.5 శాతం ఎక్కణ్ణించి వచ్చిందో అంకెలు చెప్పలేకపోయాయి. సోలో దానికి సాంకేతిక మార్పు అని పేరు పెట్టాడు. అంతకు ఏడాది ముందే మోజెస్ అబ్రమోవిట్జ్ అలాంటి మిగులునే చూసి, ఇది మన అజ్ఞానానికి కొలత అని తేల్చాడు.

ఆ మిగులులో మనిషి ఉన్నాడని గట్టిగా వాదించినవాడు థియోడర్ షుల్జ్. 1960లో అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో చదువు, ఆరోగ్యం, పని నేర్చుకోవడం ఇవన్నీ పెట్టుబడులేనన్నాడు. అప్పటికి చాలామందికి ఆ మాట రుచించలేదు. మనిషిని యంత్రంతో పోల్చడమేమిటని నొచ్చుకున్నారు. 1979లో ఆయనకి నోబెల్ వచ్చింది. సోలో తన మిగులును ఏదో ఒక ఖాతాలో సర్దేసి ఉంటే షుల్జ్‌కి వెతకడానికి ఏం మిగిలేది? మీ పట్టికలో సర్దుబాటు కాని అంకె ఉంటే దాన్నే పరిశోధనకి మొదటి పేజీ చేయండి.

2. మైనస్ వస్తే కాపాడుకోండి

మా అమ్మాయికొచ్చిన మైనస్ కొత్తదేం కాదు. 1994లో బెన్‌హబీబ్, స్పీగెల్ అనే ఇద్దరు ఇదే లెక్క వేస్తే, చదువు పెరుగుదలకీ ఉత్పత్తి పెరుగుదలకీ నమ్మదగిన లంకె కనిపించలేదు. కొన్నిచోట్ల గుర్తు తిరగబడింది కూడా. 2001లో లాంట్ ప్రిట్చెట్ ఇంకా సూటిగా, ఇంత చదువూ ఎటు పోయిందని అడిగాడు. మైనస్‌ని దాచకుండా దానికి మూడు కారణాలు ఆలోచించాడు. చదువుకున్నవాళ్ళు సంపద పుట్టించే పనికి కాక, ఉన్న సంపదని పంచుకునే పనికి పోతూ ఉండొచ్చు. చదువుకున్నవాళ్ళు పెరిగారు గానీ వాళ్ళతో పనుండే పరిశ్రమ పెరగక ఉండొచ్చు. లేదా బడిలో ఏళ్ళు గడిచాయి, చదువు మాత్రం రాకపోయి ఉండొచ్చు.

ఈ మూడూ మూడు వేర్వేరు రోగాలు. మొదటిది పరిపాలనది, రెండోది పరిశ్రమది, మూడోది బడిది. నాలుగు దేశాలు తీసేసి ప్లస్ తెప్పించుకుంటే ఏ రోగమో తెలిసే దారి మూసుకుపోతుంది. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పగలగొట్టుకోం కదా.

3. బడిలో గడిచిన ఏళ్ళు లెక్కపెట్టకండి

బారో, లీ అనే ఇద్దరు 146 దేశాలకి, 1950 నుంచి 2010 దాకా, ఐదేళ్ళకోసారి చొప్పున సగటు చదువు ఏళ్ళు పట్టిక కట్టారు. చాలా గొప్ప శ్రమ. ప్రతి పరిశోధకుడూ ముందు దాన్నే దించుకుంటాడు. నేను మాత్రం మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళొద్దంటాను. ఆ పట్టికలో ఒక ఏడు అంటే అన్నిచోట్లా ఒక ఏడే. కొరియాలో ఐదో తరగతీ, మన ఊళ్ళో ఐదో తరగతీ ఒకే బరువు తూగుతాయి.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివిస్తోంది. 2018లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగం మంది. కోవిడ్‌లో బడులు మూతపడి తెరిచాక, 2022లో, అది 43 శాతానికి దిగింది. హాజరు పట్టీలో మాత్రం అందరికీ ఐదేళ్ళు పడ్డాయి. ప్రపంచ బ్యాంకు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో పుట్టిన బిడ్డ 18 ఏళ్ళు నిండేలోగా 11.1 ఏళ్ళు బడికి వెళ్తుంది. నేర్చుకున్నదాన్ని బట్టి తూస్తే అవి 7.1 ఏళ్ళు. మధ్యలో నాలుగేళ్ళ బాల్యం ఏ ఖాతాకీ చేరకుండా పోయింది. నాకు ఆ నాలుగేళ్ళ గురించే బాధ.

హనుషెక్, వోస్‌మన్ 50 దేశాల్ని 1960 నుంచి 2000 దాకా చూశారు. పరీక్షల్లో ఒక ప్రామాణిక విచలనం మెరుగ్గా ఉన్న దేశం ఏటా దాదాపు రెండు శాతం పాయింట్లు వేగంగా పెరిగింది. ఆ మార్కుల్ని లెక్కలోకి తెచ్చాక బడి ఏళ్ళకి విడిగా చెప్పుకోదగ్గ బలం మిగల్లేదు.

4. మార్కుల మీద కూడా అంత తొందరగా వాలకండి

ఏళ్ళు వద్దన్నారు కదా, మార్కులు తీసుకుందాం అని పరుగెత్తకండి. ఏ సబ్జెక్టు మార్కులు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ తీసి కొందరు పేదపిల్లలకి ప్రైవేటు బడిలో చదివే వోచర్లు ఇప్పించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకీ వాళ్ళకీ తేడా లేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చి, ఆ మిగిలిన సమయాన్ని హిందీ వంటివాటికి పెట్టాయి. అందులోనూ ఒక్కో పిల్లాడి మీద సర్కారు బడికయ్యే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతోనే ఇదంతా చేశాయి. తెలుగు, లెక్కల పరీక్ష మాత్రమే పెట్టి ఉంటే ఈ పథకం సున్నా అని రాసేసేవారు. హిందీ పేపరు కలిపితే జవాబు మారింది. మీరు కొలవని సబ్జెక్టులో పిల్లాడు ఏం నేర్చాడో అది కూడా మూలధనమే.

ఇంకో మాట. పరీక్ష బడిలో పెట్టకండి, ఇంట్లో పెట్టండి. బడికి రానివాడూ, వచ్చి మానేసినవాడూ ఇంట్లోనే దొరుకుతారు.

5. జీతం అడగకండి, విత్తనం అడగండి

జేకబ్ మిన్సర్ 1974లో చదువు, అనుభవం, సంపాదన మధ్య సమీకరణం రాసిన దగ్గర్నుంచి అందరూ జీతం చుట్టూ తిరుగుతున్నారు. ఏడాది చదువుకి ప్రపంచ సగటున 9 శాతం జీతం పెరుగుతుందని లెక్క. జీతం ఉన్నవాళ్ళకి అది బాగానే ఉంటుంది. మన దేశంలో పనిచేసేవాళ్ళలో సగానికి పైగా సొంతపని మీద బతికేవాళ్ళు. కౌలురైతుకి జీతమేది? టిఫిన్ బండి నడిపే ఆవిడకి ఇంక్రిమెంటు ఎవరిస్తారు? సర్కారు ఉద్యోగికి పే కమిషన్ ఎంతిస్తే అంత, ఆయన ఎంత ఉత్పత్తి చేశాడో ఎవరూ తూయలేదు. పైగా మైకేల్ స్పెన్స్ 1973లోనే హెచ్చరించాడు: డిగ్రీ ఒక్కోసారి నేర్పు పెంచదు, నేర్పున్నవాడు వీడని గుర్తు మాత్రం పెడుతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు, కాలేజీ పేరు చెప్పి జీతం తెచ్చుకునేవాళ్ళని మనం రోజూ చూస్తున్నాం.

మరి ఎక్కడ చూడాలి? మార్పొచ్చిన చోట. ఫాస్టర్, రోజెన్‌జ్వైగ్ 1996లో మన హరిత విప్లవం మీద రాసిన పత్రం చదవండి. అధిక దిగుబడి విత్తనాలు ఏ ప్రాంతానికి బాగా సరిపడ్డాయో అక్కడ ప్రాథమిక విద్య చదివిన రైతులకి ఆదాయం ఎక్కువ పెరిగింది. అది చూసి పిల్లల్ని బడికి పంపడమూ పెరిగింది. తాతల నాటి పంట తాతల నాటి పద్ధతిలోనే వేసే ఊళ్ళో చదివినవాడికీ చదవనివాడికీ దిగుబడిలో పెద్ద తేడా ఉండదు. అక్కడ అనుభవమే చదువు. ఎరువు మోతాదు, నీటి తడి, మందు కొట్టే అదను కొత్తగా నేర్వాల్సి వచ్చినప్పుడు సంచి మీద అక్షరం చదవగలిగినవాడు ముందుంటాడు. చదువు విలువ మార్పు వచ్చిన రోజు తెలుస్తుందని నెల్సన్, ఫెల్ప్స్ 1966లోనే అన్నారు. కాబట్టి జీతాల సర్వే పక్కన పెట్టి, కొత్త విత్తనమో కొత్త మగ్గమో కొత్త యాపో దిగిన ఊరికి వెళ్ళండి.

6. వంద దేశాలు వద్దు, ఒక్క చోటు చాలు

మాంకివ్, రోమర్, వైల్ 1992లో రాసిన పత్రం అందమైనది. 98 దేశాలు తీసుకుని, పొదుపు, జనాభా పెరుగుదల, చదువు ఈ మూడింటితో దేశాల ఆదాయాల మధ్య తేడాల్లో దాదాపు 80 శాతాన్ని వివరించారు. అందులో చదువంటే వాళ్ళు తీసుకున్నది, పనిచేసే వయసు జనాభాలో హైస్కూల్లో చేరినవాళ్ళు ఎంతమందన్నదే. ప్రాథమిక విద్య లేదు, నాణ్యత లేదు, ఆరోగ్యం లేదు. అంకె అంత బాగా అతికినప్పుడే నాకు భయమేస్తుంది. నేల విడిచి సాము చేసినప్పుడు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

పైగా ఏది ముందు? చదువుకున్నారు కాబట్టి దేశం ఎదిగిందా, ఎదుగుతుందన్న ఆశతో జనం చదువుకున్నారా? బిల్స్, క్లెనో 2000లో ఈ ముడి విప్పి చూస్తే, చదువు వల్ల వృద్ధి అన్నది ఆ లంకెలో మూడో వంతుకి మించి వివరించలేదని తేలింది.

ఎస్తర్ డఫ్లో ఒక్క ఇండోనేషియా పట్టుకుంది. చమురు డబ్బుతో అక్కడి ప్రభుత్వం 1973 నుంచి 1979 మధ్యలో 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టించింది. కొన్ని జిల్లాలకి ఎక్కువ దక్కాయి, కొన్నిటికి తక్కువ. బడి కట్టేనాటికి వయసు మీరిపోయిన పిల్లలున్నారు, సరిగ్గా వయసుకొచ్చినవాళ్ళున్నారు. ఈ రెండు తేడాల్నీ పక్కపక్కన పెట్టి, ఏడాది చదువుకి జీతంలో సుమారు 7 నుంచి 11 శాతం రాబడి అని 2001లో చూపించింది. అక్కడ జీతం చూశారు కదా అంటారేమో. చూసింది, కానీ ఆ చదువు ఎవరికి ఎందుకు దక్కిందో ముందు తెలుసుకుని చూసింది. మీ జిల్లాలో ఆశ్రమ పాఠశాల ఏ ఏడు ఏ మండలానికి వచ్చిందో, బస్సు ఎప్పుడు పడిందో రాసుకోండి. మీ ఇండోనేషియా మీ మండల విద్యాధికారి కార్యాలయం బీరువాలో ఉంది.

7. ఊళ్ళో లేనివాళ్ళనే ముందు అడగండి

సర్వే ఫారంలో ఒక వాక్యం ఉంటుంది: ఇంట్లో ప్రస్తుతం నివసిస్తున్నవారు. ఆ వాక్యం దగ్గరే తెలుగు ఊళ్ళ మానవ మూలధనం సగం జారిపోతుంది. చదువు చెప్పించిన ఖర్చు ఇక్కడ, ఉత్పత్తి డాలస్‌లో. పని నేర్చింది కోనసీమలో, కట్టింది గల్ఫ్‌లో. ఊరి లెక్కలో వీళ్ళ చదువు వృథా ఖర్చులా కనిపిస్తుంది. వచ్చిన డబ్బు మాత్రం స్లాబు ఇళ్ళుగా, తమ్ముడి ఫీజుగా వేరే పద్దుల్లో తేలుతుంది.

టాడ్ షోల్‌మన్ 2012లో ఈ వలసనే తిప్పి వాడుకున్నాడు. వేర్వేరు దేశాల్లో చదివి అమెరికా వచ్చినవాళ్ళకి, సొంత దేశంలో చదివిన ప్రతి ఏడాదికీ అక్కడ ఎంత జీతం పెరిగిందో చూసి, ఆయా దేశాల చదువు నాణ్యతని అంచనా కట్టాడు. ఒకే మార్కెట్లో తూకం వేశాడన్నమాట. వెళ్ళగలిగినవాళ్ళు ఊరందరికీ ప్రతినిధులు కారు, నిజమే. అయినా వెళ్ళినవాళ్ళని వదిలేసిన లెక్క కంటే, వాళ్ళని కలుపుకుని జాగ్రత్తగా చదివిన లెక్క మేలు.

8. జీడీపీలో పడనిదాన్ని ముందు రాయండి

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. ఆడవాళ్ళు రాత్రిళ్ళు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. ఆ చదువుతో పాటే సారా వల్ల ఇంట్లో పడే కష్టాలూ మాటల్లోకి వచ్చాయి. దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించారు. రోశమ్మ ముందు నడిచింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది.

ఇప్పుడు మన సమీకరణంలో దీన్ని వేయండి. సారా అమ్మకం ఉత్పత్తిలో భాగం, ఆబ్కారీ రాబడి ఖజానాలో భాగం. చదువు పెరిగింది, ఆ రెండూ పడిపోయాయి. గుణకానికి మైనస్! మిగిలిన డబ్బు బియ్యానికో పుస్తకానికో పోయి ఇంకో పద్దులో తేలుతుంది. ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు పడకపోవడం మాత్రం ఏ పద్దులోనూ తేలదు. నాకు తెలిసినంతలో మన నేల మీద చదువు చేసిన అతి పెద్ద పని అది. దాన్ని నష్టంగా చూపించే కొలత పట్టుకుని ఒక తరాన్ని ఎలా తూస్తాం?

9. ఇరవై ఏళ్ళు ఆగండి

చివరి సలహా, అందరికీ కోపం తెప్పించేది. ఐదేళ్ళ వృద్ధి రేటుతో చదువుని కొలవకండి. ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల పనిలోకి వచ్చేసరికి నాలుగు ప్రభుత్వాలు మారతాయి. క్రూగర్, లిండాల్ 2001లో చూపించారు: తక్కువ ఏళ్ళ తేడా తీస్తే అంకెల్లో తప్పులే మిగులుతాయి, ఎక్కువ ఏళ్ళు తీసుకుంటే చదువు ప్రభావం తేటపడుతుంది. మా అమ్మాయి మైనస్‌లో కొంత ఇలాంటి తప్పే ఉండొచ్చని ఆమెకీ చెప్పాను.

చదువే కాదు, తిండి లెక్కా అంతే. హైదరాబాద్‌కి దగ్గర్లో 29 ఊళ్ళున్నాయి. 1987 నుంచి 1990 దాకా వాటిలో కొన్నిట్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ రోజూ ఉప్మా పెట్టారు. కొన్నిట్లో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ సంవత్సరాల్లో పుట్టినవాళ్ళని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఇంకా కొందరు పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు మిగతా ఊళ్ళ పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఒక బొటనవేలి వెడల్పు కూడా లేని తేడా. అది కనిపించాలంటే పదిహేనేళ్ళు ఊరి పేర్లు, తల్లుల పేర్లు ఎవరో భద్రంగా దాచాలి. మీరు ఆ దాచేవాళ్ళలో ఒకరవండి. ఫలితం మీ తర్వాతివాళ్ళు రాసుకుంటారు.

నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. కాలేజీకి వెళ్ళకముందు నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. 1991 జనాభా లెక్కల్లో ఎన్యూమరేటర్‌గా తిరిగాను. అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవాళ్ళనే అక్షరాస్యులుగా రాయాలి. పొద్దువాలిపోతోంది, ఇంకా ముప్పై ఇళ్ళున్నాయి. "మా ఆవిడకి సంతకం వచ్చండీ" అని ఎవరైనా అంటే చాలు, అక్షరాస్యురాలని రాసేశాను. ఎంతమందికి అలా రాశానో గుర్తులేదు. వాళ్ళందరూ ఇప్పటికీ ఏదో ఒక పట్టికలో చదువొచ్చినవాళ్ళుగానే ఉన్నారు, ఎవరి రిగ్రెషన్‌లోనో కూర్చున్నారు. మైనస్ గుర్తు చూసినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

మా అమ్మాయి మైనస్‌ని ఉంచేసుకుంది. పోయిన నెల ఫోన్ చేసింది. రెండో తరగతి పాఠం కాగితం పట్టుకుని వాళ్ళ ఊరికే వెళ్ళిందట. మొదట వాళ్ళమ్మ చేతికే ఇచ్చింది. ఫారాల్లో ఆవిడ చదువు ఐదో తరగతి అనే ఉంటుంది. ఆవిడ ఆ నాలుగు వాక్యాలూ చదవలేకపోయింది. సిగ్గుపడి, కాగితం పక్కన పెట్టి, డ్వాక్రా సంఘం అప్పుల పుస్తకం తెచ్చింది. పదిమంది పేర్లు, పదిమంది కిస్తీలు, ఎవరికి ఎంత వడ్డీ పడాలో ఒక్క తప్పు లేకుండా చదివి చెప్పింది. పదేళ్ళుగా ఆ పుస్తకం రాస్తున్నది ఆవిడేనట.

"అమ్మని ఏ వరసలో రాయమంటారు మేడమ్?" అని అడిగింది పిల్ల. గొంతు జీరపోయింది.

"ఉన్న వరసల్లో రాయకు" అన్నాను. "పక్కన ఇంకో గీత గియ్యి."